మా పూలదే కదా

పొదలకూరులో నిమ్మకాయల యార్డు దాటి
కండలేరు కాలవ వైపు తిరిగితే
పంచరు షాపు వెనకాల పన్నెండు పెట్టెలు.
ఒక్కో కాలి కింద నీళ్ళు పోసిన కొబ్బరి చిప్ప,
చీమలెక్కకుండా.

కాలేషాకి బోర్డు లేదు.
పాత టైరు మీద సుద్దతో రాసుంటాది: తేనె ఉంది.
అయిపోతే 'ఉంది' ఒక్కటే తుడిచేస్తాడు.
టైరు మీద తేనె మిగులుతాది.

సీసా మనమే తీసకపోవాల.
మొదటిసారి నాది వెనక్కి పంపించాడు,
"ఆవకాయ తిన్న సీసా వద్దక్కా,
తేనెకి ముక్కుంటాది" అని.

మాఘం పూత మీద తీసింది ఎండుగడ్డి రంగు.
నాలిక చివర పులుపు ఉన్నట్టే ఉండి
వెతికితే ఉండదు.
ఉగాది దాటాక వేపది ముదురు,
గొంతులో కాస్త గీరుతాది.
దగ్గుకి అదే మంచిదంటాడు.
రేటు మాత్రం రెండింటికీ ఒకటే.

"కిలో నాలుగొందలా?
మా తోట కంచెకి నీ పెట్టెలు నాలుగు బారల దూరం లేవు.
నీ ఈగలు తాగేది మా పూలే కదా,
మాది మాకే అమ్ముతావా?"
నవ్వుతానే అన్నాను.
సగం నిజంగానే అన్నాను.
కాలేషా గరిటె ఆపలేదు.
"సరేక్కా, తేనె ఊరికే తీసకపో.
కాయలు నాకియ్యి."

నాలుగొందలూ లెక్కబెట్టి ఇచ్చాను.

ఆ మరుసటేడు
లూజు పదహారొందలకి పడింది.
కోత కూలీ రాలేదు, లారీ బాడుగ రాలేదు.
మళ్ళీ పూత వచ్చేసరికి ఆకుముడత.
మందు కొట్టే కుర్రాడు పొద్దున ఎనిమిదికి దొరికాడు,
పోతే వారం దాకా దొరకడు.
చెట్లు తెల్లగా విచ్చుకోనున్నాయి.
తోటంతా జుమ్మంటా ఉంది.
సాయంత్రం దాకా ఆగమనాల.
నోటి దాకా వచ్చింది.
డ్రమ్ములో నీళ్ళు పట్టు అన్నాను.

గొడవకి వస్తాడనుకున్నాను. రాలేదు.
తెల్లారి పాలకి పోతా చూశాను:
పెట్టెల గడపల ముందు గొంతుక్కూచ్చొని
కోడి ఈకతో చేటలోకి ఊడుస్తున్నాడు.
చేట కదిపితే
ఎండు మినుముల చప్పుడు.
నన్ను చూశాడు.
అక్కా అనలేదు.

పది రోజులు ఆ దారి తొక్కలేదు.
పాలకి చుట్టూ తిరిగి పోయాను,
కుక్కలున్న సందులో నుంచి.

పదకొండో రోజు సీసా కడిగి,
ఎండబెట్టి, వాసన చూసి తీసకపోయాను.
టైరు మీద తేనె, అంతే.
ఇంట్లోకి పోయి స్టీలు క్యారేజీ గిన్నె తెచ్చాడు.
వాళ్ళ పిల్లల కోసం దాచుకున్నది.
సగం సీసాకి పోశాడు.
రెండు ఐదొందల కాయితాలు బల్ల మీద పెట్టాను.
ఎనిమిదొందలు వెనక్కి తోశాడు,
వేళ్ళకున్న తేనె నోట్లకి అంటకుండా
ముంజేత్తో.

"మందు కొట్టొద్దనను.
మీకూ కాయ నిలవాల.
ముందు రోజు ఒక కేకెయ్యి.
చీకటి పడితే అన్నీ ఇంటికొస్తాయి, తలుపులు మూసుకుంటా.
ఒక్క పూట గడప దాటకపోతే
చచ్చిపోవు."
ఆ చివరి మాట అన్నాక
కాసేపు మూత బిగిస్తానే ఉన్నాడు.

ఈ ఏడు మూడుసార్లు ఫోన్ చేశాను.
"రేపు కాలేషా."
"ఊఁ."
కుర్రాడికి యాభై ఎక్కువిచ్చి
పొద్దు గుంకినాక రమ్మంటున్నాను.
పెట్టెలు ఎనిమిదే.
తొమ్మిదోది ఎప్పుడని అడగలేదు నేను.

కిలో ఇప్పుడు నాలుగొందల యాభై.
అయినా బేరమాడతాను,
మా పూలదే కదా అని కూడా అంటాను.
అనకపోతే
గరిటె ఆపి
నా మొహం చూస్తాడు.